నిండు జీతం చేతికొచ్చిన వేళ

పద్దెనిమిదేళ్ళ వయసులో వైద్యకళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థి స్పెషలిస్టుగా తన పేరుతో బోర్డు పెట్టుకునే సరికి ముప్ఫై దగ్గర పడుతుంది, చాలామందికి దాటుతుంది కూడా. ఎం.బి.బి.ఎస్.కు నాలుగున్నర సంవత్సరాలు, ఇంటర్న్‌షిప్‌కు ఒక సంవత్సరం, పీజీ సీటు కోసం ఒకటి రెండేళ్ళ నిరీక్షణ, ఆ తర్వాత ఎం.డి. లేక ఎం.ఎస్.కు మూడేళ్ళు. గుండె, మెదడు, మూత్రపిండాల వంటి విభాగాల్లోకి పోదలిస్తే మరో మూడేళ్ళు. ఇంతకాలమూ అతని చేతికందేది స్టైపెండే. 2023లో తెలంగాణ ప్రభుత్వం 15 శాతం పెంచిన తర్వాత కూడా ఇంటర్న్‌కు నెలకు ఇంచుమించు 26 వేలు, పీజీ మూడో సంవత్సరంవారికి ఇంచుమించు 65 వేలు వచ్చేవి. 2025లో మరోసారి పెంచారు. అదైనా నెల నెలా సరిగా అందక సమ్మెలకు దిగిన సందర్భాలు పాఠకులకు తెలిసినవే.

ఆ తర్వాత ఒకరోజు ఏ కార్పొరేట్ ఆస్పత్రిలోనో కన్సల్టెంటుగా చేరతాడు. నెల తిరిగేసరికి రెండు లక్షలో మూడు లక్షలో ఖాతాలో పడతాయి. నిన్నటిదాకా హాస్టల్ మెస్సు బిల్లుకు తడుముకున్నవాడు నేడు ఆ అంకెను చూసి తన కళ్ళను తానే నమ్మలేకపోతాడు.

మసాయిల్ అడగడానికి మా వద్దకు వచ్చేవారిలో ఇలాంటి యువ వైద్యులు ఈమధ్య ఎక్కువయ్యారు. కారు లోను తీసుకోవచ్చా, ఫ్లాటు లోను ధర్మసమ్మతమేనా, జకాత్ ఎంత ఇవ్వాలి అని అడుగుతారు. కానీ కాసేపు మాట్లాడనిస్తే, లోపలున్న అసలు మాట బయటకు వస్తుంది: "హజ్రత్, పన్నెండేళ్ళు కడుపు కట్టుకున్నాను. నా తోటివారు ఇంజినీర్లై ఇళ్ళు కట్టుకున్నారు, కార్లు కొన్నారు. ఇప్పుడైనా అనుభవించడం నా హక్కు కాదా?"

ఇది నిజంగా ఆలోచించవలసిన ప్రశ్న. పడిన కష్టానికి పరిహారంగా మనిషికి భోగాల మీద ఒక హక్కు ఏర్పడుతుందా? దీనికి 'లేదు' అని ఒక్క మాటలో కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. మదర్సా జీతాలతో బతికే మాబోటివాళ్ళం లక్షల లెక్కలు చెప్పడమేమిటని ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. కొంచెంతో సరిపెట్టుకోవడమనే విద్య మాకు బాగానే వచ్చు గనుక రెండు మాటలు చెబుతున్నాము.

ముందుగా అతని మాటలో ఉన్న న్యాయాన్ని ఒప్పుకుందాం. ఇస్లాం సన్యాస ధర్మం కాదు. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసాలతో, రాత్రంతా నమాజులతో గడుపుతూ ఇల్లాలిని పట్టించుకోకపోతే, హజ్రత్ సల్మాన్ (రజి) ఆయన్ను ఆపి, ప్రభువుకున్నట్లే శరీరానికీ ఇంటివారికీ కూడా మనపై హక్కు ఉందని హితవు చెప్పారు. సల్మాన్ చెప్పింది నిజమేనని దైవప్రవక్త (సఅసం) ధ్రువీకరించారు. అల్లాహ్ తన దాసునికి అనుగ్రహించిన దాని జాడ అతనిపై కనిపించడం ఆయనకు ఇష్టమేననీ హదీసుల్లో ఉంది. కాబట్టి చిరిగిన చెప్పులు మార్చుకోవడానికీ, ఎండలో బస్సు కోసం నిలబడే తల్లిని వాహనంలో తీసుకెళ్ళడానికీ, ఇల్లాలికి మంచి వంటిల్లు సమకూర్చడానికీ ఏ ఫత్వా అక్కర్లేదు.

అయితే 'హక్కు' అనే మాట దగ్గర మాకు అభ్యంతరం ఉంది. కష్టమే హక్కును పుట్టించేదైతే, మండుటెండలో తారు పోసే కూలీకి ఈ వైద్యుని కంటే పెద్ద హక్కు ఉండాలి. అతను కూడా పన్నెండేళ్ళు కడుపు కట్టుకున్నవాడే, పదమూడో ఏట అతని ఖాతాలో లక్షలేమీ పడవు. పోనీ, ఆ పన్నెండేళ్ళూ ఈ వైద్యుడు ఒంటరిగా కష్టపడ్డాడా? ప్రభుత్వ కళాశాలలో చదివితే ఆ సీటు ఖర్చులో అధిక భాగం మోసింది ప్రజలు. ఉస్మానియాలోనో, గుంటూరు, కర్నూలు పెద్దాస్పత్రుల్లోనో అతని చేతికి పని నేర్పింది పేద రోగుల శరీరాలు. మొదటిసారి సూది గుచ్చి నరం దొరక్క మళ్ళీ మళ్ళీ గుచ్చితే ఓర్చుకున్న ముసలమ్మ ఎవరో అతనికి గుర్తుండకపోవచ్చు. ఇంట్లో చూస్తే తండ్రి అమ్మిన పొలం, వాయిదా పడిన చెల్లెలి పెళ్ళి, చదువు మానేసి దుకాణంలో కూర్చున్న అన్న.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యుడు అబూ యూసుఫ్ (రహ్మ) కటిక పేదవాడు. ఇంటివారు పాఠం మాన్పించి పనికి పంపాలని చూస్తే, గురువు దిర్హముల సంచులు ఇచ్చి, అవి అయిపోయేలోపే మళ్ళీ ఇచ్చి, ఏళ్ళ తరబడి చదువు సాగనిచ్చారని చరిత్రకారులు రాశారు. ఆ విద్యార్థే తర్వాత హారూన్ రషీద్ పాలనలో ప్రధాన ఖాజీ అయ్యారు, రాజ్య ఆదాయ వ్యయాలపై 'కితాబుల్ ఖరాజ్' రచించారు. పెద్ద పదవీ పెద్ద జీతమూ వచ్చాక కూడా ఆయన గురువు మేలును నోరారా చెప్పుకున్నారేగాని, ఇన్నాళ్ళు నేను పడిన ఇక్కట్లకు ఇది పరిహారమని చెప్పుకోలేదు. మన యువ వైద్యుని పన్నెండేళ్ళ వెనుక కూడా ఇలాంటి సంచులు ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు.

ఇదంతా కృతజ్ఞతకు సంబంధించిన మాట. దీనికంటే గంభీరమైనది మరొకటి ఉంది. మా దృష్టిలో అసలు విషయం అదే.

ఆస్పత్రిలో చేరిన వారానికే బ్యాంకుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. డాక్టర్లకు ప్రత్యేక రుణాలు, హామీ అక్కర్లేదు, సంతకం చాలు అంటారు. అతను సంతకం చేస్తాడు. కారుకు ఒక కిస్తీ, ఫ్లాటుకు ఒక కిస్తీ, క్లినిక్ సామగ్రికి ఇంకో కిస్తీ. లెక్క చూద్దాం. 50 లక్షల ఇంటి రుణం 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు దాదాపు 45 వేలు కట్టాలి. 240 నెలల్లో కట్టేది దాదాపు ఒక కోటి 8 లక్షలు. అంటే వడ్డీయే 58 లక్షలు! వడ్డీ విషయంలో దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన అన్నంత కఠినమైన హెచ్చరిక ఉన్న సంగతి ముస్లిములకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఇచ్చేవాడూ, తీసుకునేవాడూ, రాసేవాడూ, సాక్షి సంతకం పెట్టేవాడూ అందరూ ఆ పాపంలో భాగస్వాములేనని దైవప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. చదువు కోసం తప్పనిసరై ఇరుక్కున్న పాత వడ్డీ అప్పు ఉంటే, కొత్త ఆదాయంలో మొదటి వాటా దానిదే. అది తీరకముందే మరో వడ్డీ అప్పులోకి దిగడం, మునిగి బయటపడ్డ బావిలోనే మళ్ళీ దూకడం.

ఇక ఆస్పత్రి వైపు చూడండి. చాలా చోట్ల కొత్త కన్సల్టెంటుకు మొదటి ఆరు నెలలో సంవత్సరమో 'మినిమం గ్యారంటీ' ఇస్తారు. రోగులు వచ్చినా రాకపోయినా ఆ మొత్తం వస్తుంది. గడువు తీరాక ఆదాయం అతను చూసిన రోగులను బట్టి, చేసిన ఆపరేషన్లను బట్టి ఉంటుంది. గ్యారంటీ ఉన్న రోజుల్లో ఆ అంకెను చూసి కిస్తీలు పెట్టుకున్నవాడి పరిస్థితి ఏమవుతుంది? గ్యారంటీ పోయింది, కిస్తీ పోలేదు. అప్పుడు ఒక రోగి ఎదురుగా కూర్చుంటాడు. స్కానింగు రాయాలా, అక్కర్లేదా? మందులతో తగ్గుతుందా, ఆపరేషన్ చేయాలా? రెండువైపులా వాదించదగిన సందర్భాలు వైద్యంలో ఎన్నో ఉంటాయట. వైద్య మిత్రులే మాకు చెప్పారు. అలాంటి చోట త్రాసు ముల్లు ఎటు మొగ్గుతుంది? అతను దుర్మార్గుడు కానక్కర్లేదు. ఐదో తారీఖున కట్టవలసిన లక్షా పదివేలు అతని వేలిని నెమ్మదిగా త్రాసు మీద ఆనిస్తాయి. తాను ఆనిస్తున్నానని అతనికే తెలియదు.

కమీషన్ సంగతీ అంతే. ల్యాబుల నుంచి, స్కానింగు సెంటర్ల నుంచి, మందుల కంపెనీల నుంచి వచ్చే 'కట్' వృత్తి నియమాల ప్రకారం కూడా నిషిద్ధమే. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోకూడదంది. కంపెనీల కానుకల మీద 2009లో మరో సవరణ వచ్చింది. వైద్యులకిచ్చే అలాంటి కానుకల ఖర్చుకు కంపెనీలు పన్ను మినహాయింపు కోరరాదని 2022లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మన ధర్మంలోనైతే ఈ విషయం పద్నాలుగు వందల ఏళ్ళ నాడే తేలిపోయింది. జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక అధికారి తిరిగివచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని వేరు చేసి చూపితే దైవప్రవక్త (సఅసం) ఆగ్రహించారు. మింబరు ఎక్కి, ఇతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. వైద్యుడు తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇదే. నేను ఈ మందు రాయకపోతే ఈ గోవా ప్రయాణం టిక్కెట్టు నా ఇంటికి వచ్చేదా?

ఈ కానుకను తిరస్కరించే బలం ఆ ఒక్క క్షణంలో పుట్టుకురాదు. కిస్తీలు లేనివాడు తేలిగ్గా 'వద్దు' అనగలడు. యాజమాన్యం టార్గెట్లు పెడితే "నాకు కుదరదు" అని రాజీనామా కాగితం ఇవ్వగలడు. నెల జీతం ఆగితే కారు గుంజుకుపోతారన్న భయం ఉన్నవాడు అనలేడు. అందుకే మొదటి సంవత్సరంలో అతను ఇంటి ఖర్చును ఏ స్థాయిలో నిలుపుకుంటాడన్నది స్వవిషయం కాదు. రేపు అతని ముందు కూర్చోబోయే ప్రతి రోగికీ దానితో సంబంధం ఉంది. ప్రళయదినాన సంపద గురించి ఎలా ఆర్జించావు, ఎందులో ఖర్చు చేశావు అని రెండు ప్రశ్నలు వస్తాయని హదీసు తెలుపుతోంది. మేము వీటిని వేర్వేరు ప్రశ్నలుగా అనుకుంటూ వచ్చాము. వైద్యుని జీవితంలో మాత్రం రెండోది మొదటిదాన్ని శాసిస్తుంది. ఖర్చు అదుపు తప్పితే ఆర్జన కూడా తప్పుతుంది.

దీనికి మేము సూచించే మార్గం చాలా సాదాసీదాది. స్టైపెండు రోజుల్లో ఎంతతో బతికారో, దానికి కొంచెం మాత్రమే కలిపి, రెండేళ్ళపాటు అలాగే బతకండి. 65 వేలతో గడిచిన సంసారం 85 వేలతో హాయిగానే గడుస్తుంది. మిగిలినదానితో పాత అప్పులు తీర్చండి, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. ఆ ఆరు నెలల ఖర్చే మీ స్వాతంత్ర్యం. కారు నగదుతో కొనగలిగినదే కొనండి, పాతదైతే మాత్రమేమి? హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు రాజుకు ఏడు పంటల సంవత్సరాలలో ఎలా తిని ఎలా దాచాలో ఉపాయం చెప్పారు. ధాన్యాన్ని వెన్నుల్లోనే ఉంచి, తినడానికి కొద్దిగానే తీయించారు. పంట పండిన ఏడే పరీక్ష. కరువులో పొదుపు ఎవరైనా చేస్తారు.

అద్దె ఇంట్లో డబ్బు వృథా కదా, లోను లేకుండా ఈ రోజుల్లో ఇల్లు ఎవరు కొనగలరు అని అడుగుతారు. కొందరు ఐరోపా పండితమండలి 1999లో ఇచ్చిన అభిప్రాయాన్ని మా ముందుంచుతారు. అది ఐరోపాలోని ముస్లిముల అవసరాన్ని చూసి, వేరే దారి లేనివారికి, ఉండడానికి ఒకే ఒక్క ఇంటికి, షరతులతో చెప్పిన మాట. దానితో విభేదించిన పండితులూ ఎందరో ఉన్నారు. హైదరాబాదులో నెలకు మూడు లక్షలు సంపాదిస్తూ అద్దె ఇల్లు సులభంగా దొరికే మనిషి దాన్ని తనకు వర్తింపజేసుకోవడం మాకు సబబుగా తోచదు. ఐదారేళ్ళు ఓపిక పడితే నగరం అంచున స్థలం నగదుతోనే కొనగల ఆదాయం వైద్యునిది. నిజానికి ఈ విషయంలో ఓపిక చూపగల స్తోమత ఉన్న అతి కొద్దిమందిలో వారొకరు.

పన్ను సంగతి క్లుప్తంగా. కన్సల్టెంట్లలో చాలామంది ఆస్పత్రి ఉద్యోగులు కారు. వచ్చేది జీతం కాదు, ఫీజు. పది శాతం కోసి మిగిలింది ఇస్తారు. పి.ఎఫ్. ఉండదు, జీతంతో కూడిన సెలవు ఉండదు. ఆదాయం పెద్దదైతే అసలు పన్ను ఆ పది శాతంతో తీరదు. తేడాను ఏడాదిలోనే ముందస్తుగా కట్టాలి. మంచి ఆడిటర్ని మొదటి నెలలోనే కలవండి. ఖాతాలో కనపడేదంతా మీది కాదని ముందే తెలుసుకోవడం మేలు.

అందులో మీది కాని మరో భాగం కూడా ఉంది, జకాత్. విద్యార్థి దశలో ఎప్పుడూ నిసాబ్ చేరని యువకుడు మొదటి కొద్ది నెలల్లోనే సాహిబె నిసాబ్ అవుతాడు. ఆ తారీఖును చాంద్రమాన పంచాంగం ప్రకారం రాసిపెట్టుకోవాలి. మళ్ళీ అదే తారీఖు వచ్చేసరికి నిసాబ్ నిలిచి ఉంటే చేతిలోని నగదు, బంగారం, వెండి, పెట్టుబడులపై రెండున్నర శాతం విధి. నిసాబ్ ఏడున్నర తులాల బంగారం లేక యాభై రెండున్నర తులాల వెండి. ఇది పాత తులం సుమా! నేడు దుకాణాల్లో పది గ్రాములనే తులం అంటున్నారు. గ్రాముల్లో చెప్పాలంటే బంగారం 87.48, వెండి 612.36. నగదుకు వెండి లెక్కే పట్టాలన్నది మన ప్రాంతపు హనఫీ పండితుల్లో ఎక్కువమంది మాట. ఉండే ఇల్లు, నడిపే కారు, వైద్య పరికరాలపై జకాత్ లేదు. దీర్ఘకాలపు అప్పుంటే మొత్తం అప్పును కాక, ఆ ఏడాది కట్టవలసిన కిస్తీలను మాత్రమే తీసివేయాలని నేటి పండితులు పలువురి అభిప్రాయం. తల్లిదండ్రులకు జకాత్ ఇవ్వకూడదు. వారిని పోషించడం వేరే బాధ్యత. పేదవాడైన అన్నకూ, చెల్లెలికీ ఇవ్వవచ్చు.

వైద్యురాళ్ళ విషయం విడిగా చెప్పక తప్పదు. కోడలు డాక్టరు అని చెప్పుకుని మురిసే ఇళ్ళలో ఆమె జీతం మొదటి తారీఖున ఎవరి చేతికి పోతుందో అడిగితే చాలామంది ముఖాలు పక్కకు తిరుగుతాయి. షరీఅత్ ప్రకారం ఆమె ఆర్జన ఆమెదే. ఆమె ఎంత సంపాదించినా ఆమె తిండి, బట్ట, నివాసాల బాధ్యత భర్త మీదే ఉంటుంది. భర్త తీసుకున్న కారు లోను ఆమె జీతంలోంచి కట్టమని బలవంతపెట్టే అధికారం అతనికిగానీ, అత్తమామలకుగానీ లేదు. ఆమె తన ఇష్టంతో ఇంటికి ఖర్చు చేస్తే, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) చెప్పినట్లు, రెండు పుణ్యాలు దక్కుతాయి. దానానికి ఒకటి, బంధుత్వానికి ఒకటి. ఆ ఇష్టం ఆమెదై ఉండాలి.

చివరగా, తరచూ తగవులకు దారితీసే మసలా ఒకటి. చదువుకు అన్నలు, అక్కలు ఇచ్చిన సొమ్ము అప్పా, కానుకా? ఇచ్చేటప్పుడు అప్పని చెప్పకపోతే, అప్పనుకోవడానికి ఆధారమేదీ లేకపోతే అది కానుకే. చట్టపరంగా తిరిగి అడిగే హక్కు ఇచ్చినవారికి లేదు. అయినా వారికి అవసరం వచ్చినప్పుడు లెక్క చూసుకోకుండా నిలబడటం మర్యాదగల మనిషి చేసే పని. అప్పని చెప్పి ఇచ్చి ఉంటే మాత్రం అది మెడ మీది భారం. ఒకసారి మూడు దీనార్ల అప్పుతో మరణించిన వ్యక్తి జనాజా నమాజు చేయించకుండా దైవప్రవక్త (సఅసం) ఆగిపోయారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తాను తీరుస్తానని పూచీపడ్డాకే ముందుకు వచ్చారు.

ఈ అప్పును ఎలా తీర్చాలన్నది కూడా తెలుసుకోవాలి. 2014లో అక్క తన మెహర్ బంగారంలోంచి నూరు గ్రాములు తమ్ముడి ఫీజుకు అప్పుగా ఇచ్చిందనుకుందాం. అప్పట్లో పది గ్రాములు 28 వేల ప్రాంతంలో ఉండేది. 2025లో లక్ష దాటింది. ఇప్పుడు తమ్ముడు కన్సల్టెంటై, అప్పటి ధర లెక్కగట్టి రెండు లక్షల ఎనభై వేలు చేతిలో పెట్టి "బాకీ తీరింది ఆపా" అంటే తీరదు. బంగారం అప్పుగా తీసుకున్నవాడు బంగారమే, అంతే తూకం, అంతే మేలిమి తిరిగివ్వాలి. లేదా తీర్చే రోజున ఇద్దరూ ఇష్టపడితే ఆనాటి ధర ఇవ్వాలి. ఆమే స్వయంగా నగలు అమ్మి డబ్బు అప్పిచ్చి ఉంటే డబ్బే బాకీ. అప్పుడు ఏ ఒప్పందమూ లేకుండా తన సంతోషం కొద్దీ ఎక్కువ ఇస్తే అది వడ్డీ కాదు, ఉత్తమ రీతిలో తీర్చడం. ఇచ్చింది నగలా, డబ్బా అన్నది ఇద్దరూ మరిచిపోకముందే, ఈ నెలలోనే అక్కను అడిగి కాగితం మీద రాసుకోండి.